ఇంట్లో రెండు మూడు కంప్యూటర్లకి ఒకే ఫోల్డర్: పాస్‌వర్డ్ తియ్యకుండా షేర్ చేసుకోవడం ఎలా

మన ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు చాలా ఇళ్ళల్లో ఇప్పుడు రెండు కంప్యూటర్లు ఉంటున్నాయి. ముందు గదిలో డీటీపీకో ఫొటో స్టూడియోకో ఒక డెస్క్‌టాప్, లోపల పిల్లల చదువుకి ఒక ల్యాప్‌టాప్, కొందరికి మేడ మీద ఇంకోటి. వైఫై రౌటర్ ఎలాగూ ఉంటాది. అయినా ఒక ఫైల్ ఈ గది నుంచి ఆ గదికి వెళ్ళాలంటే పెన్‌డ్రైవ్ వెతుక్కోవడమే, లేదంటే వాట్సాప్‌లో మనకి మనమే పంపుకుని అటు దింపుకోవడం. వాట్సాప్‌లో ఫొటో మామూలుగా పంపితే క్వాలిటీ పడిపోతాది, పెన్‌డ్రైవ్ ఎఫ్ఏటీ32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కనే ఎక్కదు, పెళ్ళి వీడియో అంటే దానికన్నా పెద్దదే కదండి.

దీనికి విండోస్‌లోనే ఫైల్ షేరింగ్ ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు, కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ముఖ్యంగా ఇంటర్నెట్ అక్కర్లేదు. చాలామందికి ఈ చివరి మాట మీద నమ్మకం కుదరదు. ఫైల్ ఒక కంప్యూటర్ నుంచి రౌటర్‌కి, రౌటర్ నుంచి రెండో కంప్యూటర్‌కి వెళ్తాది అంతే, ఇంటి గుమ్మం దాటదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను లాంటిది వచ్చి బయట ఫైబర్ తెగిపోయినా, ఇంట్లో రౌటరూ కంప్యూటర్లూ ఇన్వర్టర్ మీద నడుస్తుంటే షేరింగ్ నడుస్తానే ఉంటాది.

మొదలెట్టే ముందు ఒక్క విషయం గట్టిగా చెప్తాను. షేరింగ్ పనిచెయ్యట్లేదు అంటే చాలామంది ఇచ్చే సలహా ఒకటే, పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆఫ్ చేసెయ్యండి, ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇచ్చెయ్యండి అని. దయచేసి అలా చెయ్యొద్దు. మీ ఇంటి వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతి ఒక్కరూ, షాపుకి వచ్చి వైఫై అడిగిన కస్టమర్‌తో సహా, ఆ ఫోల్డర్ చూడగలరు, చెరపగలరు. పైగా విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్లకి కనెక్ట్ అవ్వడాన్ని విండోసే ఆపేసింది, కాబట్టి ఆ షార్ట్‌కట్ ఇప్పుడు సరిగ్గా పని కూడా చెయ్యదు. వేరే యూజర్ ఒకటి పెట్టి, దానికి పాస్‌వర్డ్ ఇచ్చి చేసుకుంటే పది నిమిషాలు ఎక్కువ పడతాది, తర్వాత ఏళ్ళ తరబడి ఇబ్బంది ఉండదు.

ముందు అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా చూడండి

రెండు కంప్యూటర్లలోనూ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఇంగ్లీష్‌లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి. ఐపీవీ4 అడ్రస్ అని ఒక నంబర్ వస్తాది, 192.168.1.7 లాంటిది. మామూలు ఇంటి రౌటర్లలో మొదటి మూడు ముక్కలు రెండిట్లోనూ ఒకటే ఉండాలి. ఒకదాంట్లో 192.168.1 అనీ రెండోదాంట్లో 192.168.0 అనీ వచ్చిందంటే అవి వేరు వేరు నెట్‌వర్కులు.

ఇది ఎక్కడ జరుగుతాదంటే, మేడ మీద సిగ్నల్ అందట్లేదని ఇంకో రౌటర్ కొని, కింది రౌటర్ నుంచి కేబుల్ లాగి, దాని వ్యాన్ పోర్టులో, అంటే ఇంటర్నెట్ కేబుల్ పెట్టే చోట, పెట్టిన ఇళ్ళల్లో. ఇంటర్నెట్ బాగానే వస్తాది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, గానీ ఆ రెండో రౌటర్ తన కింద సొంత నెట్‌వర్క్ ఒకటి పెట్టేసుకుంటాది, కింద నుంచి పై కంప్యూటర్ కనపడదు. ఆ రౌటర్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటే దానికి మార్చండి, అయిపోతాది. ఆ మోడ్ లేకపోతే రెండో రౌటర్‌లో డీహెచ్‌సీపీ, అంటే కంప్యూటర్లకి ఐపీ నంబర్లు పంచే పని, ఆపి, దాని అడ్రస్ మొదటి రౌటర్‌తో గొడవ పడకుండా అదే వరసలో వేరే నంబర్‌కి మార్చి, కేబుల్‌ని వ్యాన్ పోర్ట్ నుంచి తీసి కంప్యూటర్లు కలిపే ల్యాన్ పోర్టులో పెట్టాలి. ఇంకోటి, గెస్ట్ వైఫై. గెస్ట్ నెట్‌వర్క్‌లో ఉన్న మెషీన్లు లోపలివాటిని చూడకూడదనే అది పెట్టారు, కాబట్టి ల్యాప్‌టాప్ పొరపాటున గెస్ట్ వైఫైలో ఉందేమో చూసుకోండి. షాపుకొచ్చే కస్టమర్లకి మాత్రం ఆ గెస్ట్ వైఫైయే ఇవ్వండి.

ఫైళ్ళు ఉండే కంప్యూటర్‌లో చెయ్యాల్సిన పని

ఎక్కువసేపు ఆన్‌లో ఉండే డెస్క్‌టాప్‌ని ఫైళ్ళ కంప్యూటర్‌గా పెట్టుకోండి, వీలైతే దాన్ని రౌటర్‌కి కేబుల్‌తో కలపండి. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్ళి రీనేమ్ దిస్ పీసీ నొక్కి గుర్తుండే చిన్న పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో పెట్టండి, షాప్‌పీసీ అనో ఇల్లుపీసీ అనో, ఖాళీలు వద్దు. రీస్టార్ట్ చెయ్యండి.

తర్వాత సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కి వెళ్ళి, మీరు వాడే కనెక్షన్ ప్రాపర్టీస్ తెరిస్తే పబ్లిక్, ప్రైవేట్ అని రెండు ఉంటాయి. ప్రైవేట్ పెట్టండి. పబ్లిక్‌లో ఉంటే ఈ కంప్యూటర్ వేరేవాళ్ళకి కనపడకుండా ఫైర్‌వాల్ ఆపేస్తాది, బస్టాండ్‌లోనో హోటల్‌లోనో అదే మంచిది, ఇంట్లో మాత్రం ప్రైవేట్ కావాలి. రౌటర్ మార్చిన రోజు విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని మళ్ళీ పబ్లిక్ పెట్టేస్తాది, నిన్నటిదాకా పనిచేసింది ఇవాళ ఏటైందో తెలీట్లేదు అన్నవాళ్ళలో చాలామందికి అసలు సంగతి ఇదే.

అక్కడే అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, దాన్లో అడ్వాన్స్‌డ్ షేరింగ్ సెట్టింగ్స్. ప్రైవేట్ నెట్‌వర్క్స్ కింద నెట్‌వర్క్ డిస్కవరీ ఆన్, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ ఆన్. పబ్లిక్ నెట్‌వర్క్స్ కింద రెండూ ఆఫ్. ఆల్ నెట్‌వర్క్స్ కింద పబ్లిక్ ఫోల్డర్ షేరింగ్ ఆఫ్, పాస్‌వర్డ్ ప్రొటెక్టెడ్ షేరింగ్ ఆన్. విండోస్ 10లో ఇవే సెట్టింగ్స్ కంట్రోల్ ప్యానెల్‌లో నెట్‌వర్క్ అండ్ షేరింగ్ సెంటర్ లోపల ఉంటాయి. పాత గైడ్లలో హోమ్‌గ్రూప్ అని రాసి ఉంటాది, అది వెతక్కండి, 2018లో వచ్చిన విండోస్ 10 1803 వెర్షన్ నుంచే తీసేశారు.

యూజర్ పెట్టడం, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది

రెండో కంప్యూటర్ నుంచి ఫోల్డర్ తెరిస్తే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడుగుతాది. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు, ఎందుకంటే రోజూ కంప్యూటర్ తెరిచేది నాలుగు అంకెల పిన్‌తో, అదే ఇక్కడా కొడతారు, తప్పు అంటాది, మళ్ళీ కొడతారు, మళ్ళీ తప్పు అంటాది. పిన్ అనేది ఆ ఒక్క మెషీన్ ముందు కూర్చున్నప్పుడే పనిచేస్తాది, నెట్‌వర్క్ మీద పనిచెయ్యదు. ఇంక కొందరి అకౌంట్‌కి పాస్‌వర్డే ఉండదు. పాస్‌వర్డ్ ఖాళీగా ఉన్న లోకల్ అకౌంట్‌తో నెట్‌వర్క్ మీంచి లోపలికి రావడాన్ని విండోస్ ముందునుంచే ఆపి ఉంచింది.

అందుకే షేరింగ్ కోసమే వేరే లోకల్ యూజర్ చేసుకోండి. ఫైళ్ళ కంప్యూటర్‌లోనే, సెట్టింగ్స్, అకౌంట్స్, అదర్ యూజర్స్, యాడ్ అకౌంట్. అది మెయిల్ ఐడీ అడుగుతాది, ఇవ్వకండి, కింద ఈ మనిషి సైన్ ఇన్ వివరాలు నా దగ్గర లేవు అనే అర్థం వచ్చే లైన్ నొక్కితే, తర్వాత పేజీలో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేకుండా యూజర్‌ని కలపడం అని వస్తాది. అది నొక్కి ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో పేరు పెట్టి, మంచి పాస్‌వర్డ్ ఇచ్చి, మూడు సెక్యూరిటీ ప్రశ్నలకి జవాబులు ఇవ్వండి. స్టాండర్డ్ యూజర్‌గానే ఉంచండి, అడ్మినిస్ట్రేటర్ చెయ్యకండి.

నా మాటైతే ఒకటి కాదు రెండు చెయ్యండి. ఇంట్లోవాళ్ళకి ఒకటి, షాపులో పనిచేసే కుర్రాడికి ఒకటి. షాపు యూజర్‌కి కార్డులు, ఫొటోలు ఉన్న ఫోల్డర్ చాలు. ఇంటి ఫోల్డర్‌లో ఏముంటాయో ఒకసారి ఆలోచించండి, పిల్లల మెట్రిక్, ప్లస్ టూ సర్టిఫికెట్లు, ఆధార్ కాపీలు, ఒడియాలో ఉన్న భూమి పట్టా, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అవ్వకముందు మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నాటి తాతల కాగితాలు స్కాన్ చేసినవి. అవి షాపు పనికి వచ్చినవాళ్ళకి కనపడాల్సిన అవసరమే లేదు.

ఫోల్డర్ షేర్ చెయ్యడం

డెస్క్‌టాప్ మీదో డాక్యుమెంట్స్‌లోనో ఉన్న ఫోల్డర్ వద్దు, అవి మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ వన్‌డ్రైవ్‌తో కలిసి ఉండొచ్చు, తర్వాత గందరగోళం అవుతాది. డీ డ్రైవ్‌లో నేరుగా కొత్త ఫోల్డర్ చెయ్యండి, పేరు ఇంగ్లీష్ అక్షరాల్లో చిన్నది. డ్రైవ్ మొత్తాన్ని షేర్ చెయ్యకండి. ఫోల్డర్ లోపల ఫైళ్ళకి మాత్రం తెలుగులోనో ఒడియాలోనో ఎలా కావాలంటే అలా పేర్లు పెట్టుకోవచ్చు, అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లో ఉంటే అటువైపు కూడా అలాగే కనపడతాయి.

ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్, షేర్ బటన్. పైన బాణం గుర్తు నొక్కితే యూజర్ల పేర్లు వస్తాయి, మీరు చేసిన యూజర్‌ని ఎంచుకుని యాడ్ చెయ్యండి. పర్మిషన్ లెవెల్ దగ్గర రీడ్ అంటే చూడ్డం, కాపీ తీసుకోవడం మాత్రమే, రీడ్ రైట్ అంటే మార్చొచ్చు, చెరపొచ్చు. కింద షేర్ నొక్కితే అయిపోయింది. ఎవ్రీవన్ అని లిస్టులో కనపడతాది, దాన్ని యాడ్ చెయ్యకండి.

పక్కనే అడ్వాన్స్‌డ్ షేరింగ్ అని ఇంకో బటన్ ఉంటాది. దానితో చేస్తే షేర్ పర్మిషన్లు వేరు, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఉన్న, డిస్క్ మీది ఫైళ్ళకే ఉండే ఎన్టీఎఫ్ఎస్ పర్మిషన్లు వేరు, రెండిట్లో ఏది తక్కువ ఇస్తే అదే చెల్లుతాది. షేర్‌లో అన్నీ ఇచ్చి సెక్యూరిటీలో ఆ యూజర్ పేరే లేకపోతే, ఫోల్డర్ కనపడతాది గానీ తెరవబోతే యాక్సెస్ డినైడ్ అంటాది. మామూలు షేర్ బటన్ రెండూ తనే సరిచేస్తాది, కాబట్టి కొత్తవాళ్ళకి అదే నయం.

అటు కంప్యూటర్ నుంచి తెరవడం

రెండో కంప్యూటర్‌లో విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కండి, చిన్న బాక్స్ వస్తాది. దాన్లో రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఫైళ్ళ కంప్యూటర్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ఫోల్డర్ పేరు కొట్టి ఎంటర్ చెయ్యండి. పేరు పట్టుకోకపోతే పేరు బదులు ఐపీ నంబర్, అంటే \\192.168.1.7 అని కొట్టి చూడండి. యూజర్ నేమ్ దగ్గర కంప్యూటర్ పేరు, బ్యాక్‌స్లాష్, మీరు చేసిన యూజర్ పేరు ఇలా కలిపి ఇస్తే తికమక ఉండదు. రిమెంబర్ మై క్రెడెన్షియల్స్ టిక్ పెట్టండి.

తెరుచుకుందా, అయితే రోజూ ఇంత కొట్టక్కర్లేదు. దిస్ పీసీ తెరిచి, పైన మూడు చుక్కల్లో మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్ నొక్కి, జెడ్ అక్షరం ఇచ్చి, అదే దారి, అంటే రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే ఆ లైన్, కొట్టి, రీకనెక్ట్ ఎట్ సైన్ ఇన్ టిక్ చేస్తే సీ డ్రైవ్, డీ డ్రైవ్ పక్కన జెడ్ డ్రైవ్‌లా కూర్చుంటాది. పెద్దవాళ్ళకి కూడా అలవాటు చెయ్యడం తేలిక.

ఐపీ నంబర్‌తో మ్యాప్ చేస్తే ఒక జాగ్రత్త, రౌటర్ ఆ నంబర్‌ని ఎప్పుడైనా మార్చెయ్యొచ్చు. రౌటర్ పేజీలోకి వెళ్ళి, అడ్రస్ దాని వెనక స్టిక్కర్ మీద ఉంటాది, డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనేదాంట్లో ఫైళ్ళ కంప్యూటర్‌కి ఆ నంబర్ కట్టెయ్యండి.

ఐఫోన్ ఉన్నవాళ్ళు ఫైల్స్ యాప్‌లో మూడు చుక్కలు నొక్కి కనెక్ట్ టు సర్వర్‌తో ఇదే ఫోల్డర్ తెరవొచ్చు, ఆండ్రాయిడ్‌లో వీఎల్‌సీ యాప్ ఉంటే ఆ ఫోల్డర్‌లో ఉన్న వీడియోలు నేరుగా చూడొచ్చు. అదే యూజర్, అదే పాస్‌వర్డ్.

పనిచెయ్యకపోతే

ముందు ఫైళ్ళ కంప్యూటర్ నిద్రపోయిందేమో చూడండి. స్లీప్‌లోకి వెళ్తే షేర్ మాయమైపోతాది. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్ దగ్గర నెవర్ పెట్టండి, స్క్రీన్ ఆరిపోయినా పరవాలేదు.

నెట్‌వర్క్ ఫోల్డర్‌లో ఆ కంప్యూటర్ బొమ్మ కనపడట్లేదు గానీ దారి కొడితే తెరుచుకుంటాదంటే షేరింగ్ బాగానే ఉన్నట్టు, బొమ్మ కోసం కంగారుపడక్కర్లేదు. కావాలంటే ఫైళ్ళ కంప్యూటర్‌లో సర్వీసెస్ తెరిచి ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనేదాన్ని ఆటోమేటిక్ చేసి స్టార్ట్ చెయ్యండి.

పాస్‌వర్డ్ మార్చాక అటువైపు నుంచి తెరుచుకోకపోతే, పాతది గుర్తుపెట్టుకుని అదే పంపిస్తుంది అన్నమాట. ఆ కంప్యూటర్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్‌లో ఆ పేరు తీసేసి, సైన్ అవుట్ అయి మళ్ళీ రండి. వేరే కంపెనీ యాంటీవైరస్ వేసుకున్నవాళ్ళు దాని ఫైర్‌వాల్‌లో కూడా ఇంటి నెట్‌వర్క్‌ని ట్రస్టెడ్ అని పెట్టాలి.

ఏదీ కుదరనప్పుడు ఎస్ఎంబీ1, అంటే విండోస్ ఫైల్ షేరింగ్ వాడే పద్ధతిలో బాగా పాత వెర్షన్, ఆన్ చేస్తే అయిపోతాది అని ఎవరో ఒకరు చెప్తారు. చెయ్యొద్దు. 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళం వేసి డబ్బులు అడిగే వైరస్, ప్రపంచమంతా పాకింది ఆ ఎస్ఎంబీ1లో ఉన్న లోపం పట్టుకునే, బ్రిటన్‌లో ఆస్పత్రుల కంప్యూటర్లు కూడా ఆగిపోయాయి. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 1709 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ దాన్ని మామూలుగా ఇన్‌స్టాల్ చెయ్యడం మానేసింది. పాత స్కానర్ కోసం విండోస్ ఎక్స్‌పీ మెషీన్ ఇంకా ఉంచుకున్నవాళ్ళకి అది ఎస్ఎంబీ1 తప్ప మాట్లాడలేదు, దాన్ని నెట్‌వర్క్‌కి దూరంగా ఉంచి దానికొక్కదానికీ పెన్‌డ్రైవ్ వాడుకోండి. అలాగే ఊరెళ్ళినప్పుడు కూడా ఫైళ్ళు కావాలని రౌటర్‌లో ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్ట్ బయటికి తెరవడం, అది వీధి తలుపు బార్లా తీసిపెట్టి ఊరెళ్ళడమే.

స్పీడు

నెమ్మదిగా ఉంటే తప్పు విండోస్‌ది కాకపోవచ్చు. చాలా చవక రౌటర్లలో ల్యాన్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే, దాంతో సెకనుకి 11 ఎంబీ చుట్టుపక్కల వస్తాది, 50 జీబీ పెళ్ళి వీడియో వెళ్ళడానికి గంటంపావు. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టులు, క్యాట్ 5ఈ కేబుల్ ఉండి, డిస్క్ కూడా అంత వేగంగా రాసేదైతే సెకనుకి 110 ఎంబీ దాకా వస్తాది, అదే వీడియో ఎనిమిది నిమిషాల్లోపు. స్టూడియోవాళ్ళు గిగాబిట్ స్విచ్ ఒకటి కొనుక్కుని రెండు కంప్యూటర్లూ దానికే కలిపితే రౌటర్ మార్చక్కర్లేదు.

డీటీపీ, ఫొటో పనివాళ్ళకి

పెళ్ళి కార్డు ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా చేసేవాళ్ళకి ఒకటి తగులుతాది. షేర్ నుంచి ఫైల్ రెండో కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలన్నీ పిచ్చి గుర్తుల్లా వస్తాయి. ఫైల్ పాడవ్వలేదు, షేరింగ్ తప్పూ కాదు, అను, ఆకృతి లాంటి పాత ఫాంట్లలో టైప్ చేసింది యూనికోడ్ కాదు, ఆ ఫాంట్ ఆ కంప్యూటర్‌లో కూడా ఉంటేనే చదవడానికి వస్తాది.

ఇద్దరు ఒకేసారి ఒకే ఫైల్ తెరిస్తే వర్డ్, ఎక్సెల్ అయితే ఇంకొకరు వాడుతున్నారని చెప్తాయి. అన్ని సాఫ్ట్‌వేర్లూ అలా చెప్పవు, ఆఖర్న సేవ్ చేసినవాళ్ళదే మిగులుతాది, ముందువాళ్ళ పని పోతాది. పెద్ద డిజైన్ ఫైలైతే మీ కంప్యూటర్‌లోకి కాపీ తీసుకుని, పని పూర్తయ్యాక తిరిగి పెట్టండి. వైఫై ఒక్క క్షణం పోయినా నెట్‌వర్క్ మీద తెరిచి ఉన్న ఫైల్ పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి కూడా ఇదే పద్ధతి మంచిది.

దీన్ని మాత్రం ఇంట్లో అందరికీ చెప్పండి. జెడ్ డ్రైవ్‌లో ఏదైనా డిలీట్ చేస్తే అది రీసైకిల్ బిన్‌లోకి వెళ్ళదు, నేరుగా పోతాది. అందుకే పిల్లలకి వేరే యూజర్ చేసి దానికి రీడ్ మాత్రమే ఇవ్వండి. షేర్ చేశాం కదా రెండు చోట్లా ఉన్నట్టే అని కూడా అనుకోకండి, ఉన్నది ఒక్క కాపీయే, ఆ డిస్క్ పోతే అన్నీ పోతాయి, రాన్సమ్‌వేర్ ఒక ల్యాప్‌టాప్‌లోకి వస్తే రైట్ పర్మిషన్ ఉన్న జెడ్ డ్రైవ్‌ని కూడా తాళం వేసేస్తాది. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి పెట్టుకుని వారానికోసారి కాపీ తీసి, కేబుల్ ఊడదీసి బీరువాలో పెట్టండి. ఊడదీయడం ముఖ్యం.

షాపు కుర్రాడు పని మానేసి వెళ్ళిన రోజే అతని యూజర్ తీసెయ్యండి, వైఫై పాస్‌వర్డ్ కూడా మార్చండి. ఎవరు ఏ ఫోల్డర్ తెరిచి ఉన్నారో చూడాలంటే ఫైళ్ళ కంప్యూటర్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్ కింద షేర్స్, సెషన్స్, ఓపెన్ ఫైల్స్ చూడండి. షేర్స్‌లో డాలర్ గుర్తుతో ముగిసేవి విండోస్ సొంతవి, వాటి జోలికి వెళ్ళకండి. అవి కాకుండా మీరు పెట్టని షేర్ ఏదైనా కనపడితే రైట్ క్లిక్ చేసి స్టాప్ షేరింగ్ నొక్కండి, లోపలున్న ఫైళ్ళు ఎక్కడికీ పోవు.